నడుము మీద కరెంటు

ఫిజియోథెరపీ గదిలో బోర్లా పడుకోబెట్టి, నడుముకి నాలుగు ప్యాడ్లు అంటించి నాబ్ తిప్పుతారు. చీమలు పాకినట్టుంటుంది. నొప్పి ఎటో పోతుంది. పార్కింగ్ దాకా వచ్చేసరికి మళ్లీ హాజరు. మరి ఆ కాసేపు జరిగిందేమిటి?

ప్రశ్న పాతదే. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ గౌట్ నొప్పికి ఒక చికిత్స రాశాడు. సముద్రపు తడి ఒడ్డున నిలబడి, షాకు కొట్టే టార్పెడో చేపని బతికుండగానే పాదం కింద పెట్టుకోవాలి, మోకాలి వరకు తిమ్మిరెక్కేదాకా. ఎందుకు పనిచేస్తుందో చెప్పడానికి అప్పటికి కరెంటన్న ఊహే లేదు.

ఆ 'ఎందుకు'కి జవాబులాంటిది 1965లో వచ్చింది. రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ వెన్నుపాములో ఒక గేటుందన్నారు. స్పర్శని మోసే లావు నరాలు హడావుడిగా ఉంటే, సన్న నరాలు తెచ్చే నొప్పి కబురు పైకి పోదట. మోచెయ్యి గుమ్మానికి కొట్టుకుంటే రుద్దుకుంటాం చూడండి, అలా. (వివరాలు తర్వాత చాలా మారాయి.) 1967లో వాల్, విలియం స్వీట్ 8 మంది రోగుల నరాలకి సెకనుకి 100 చొప్పున పల్సులిచ్చారు. రెండు నిమిషాలిస్తే నలుగురికి అరగంట పైగా నొప్పి లేదు! అదే ఏడు నార్మన్ షీలీ ఏకంగా వెన్నుపాము దగ్గరే ఎలక్ట్రోడ్ అమర్చాడు. అంత ఆపరేషన్ ఎవరికి పనికొస్తుందో తేల్చుకోడానికి ముందు చర్మం మీద నుంచి కరెంటిచ్చి చూసేవారు. కొందరికి ఆ పరీక్షే సరిపోయింది. టెన్స్ మెషీన్ అలా వచ్చింది. టెస్టింగ్ టూలే ప్రొడక్టయిపోవడం మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి కొత్త కథేం కాదు.

1990లో రిచర్డ్ డేయో బృందం దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న 145 మందిని తీసుకుంది. కొందరికి అసలు మెషీన్, కొందరికి కరెంటు రాని డమ్మీ. నెల తర్వాత నొప్పి కొలతల్లో మెరుగుదల అసలుతో 47 శాతం, డమ్మీతో 42. ఆ తేడా లెక్కలోకి రాదు.

దాంతో 'అంతా ఉత్తిదే' అనేస్తారు చాలామంది. నాకు ఆ 42 మీదే కన్ను. వాళ్లకి తగ్గింది నిజం నొప్పే కదా. అదే అధ్యయనంలో సగం మంది వ్యాయామాలూ చేశారు, వాళ్లకి ఇంకాస్త మేలు కనబడింది. కొన్ని నెలలకి ఎక్కువమంది మానేశారు, ఆ మేలూ పోయింది.

2016లో బ్రిటన్ సంస్థ నైస్ నడుము నొప్పికి టెన్స్ ఇవ్వొద్దంది. ఇదంతా చదివి మా ఫిజియోని అడిగాను. "సార్, ప్యాడ్లు పెట్టకపోతే ఎక్సర్‌సైజులకి ఎవరొస్తారు?" అన్నాడు నాబ్ తిప్పుతూ.