బర్మార్ కాలం

గప్పట్ల తుపాకి అంటే గడీలనే ఉండేది. దొర తుపాకి అడివిపందుల కోసమే అనేటోళ్లు. పందులైతే మా జొన్న చేన్లల్ల నిమ్మలంగనే మేసిపోయేటివి. గడీ ముంగట నుంచి పోయేటప్పుడు మాత్రం మనుషులు చెప్పులు చేతుల పట్టుకునేటోళ్లు.

కడవెండి ఊరి ముచ్చట మా నాయిన చెప్పంగ ఇన్న. 1946 జులై 4న దొరల మీద తిరుగబడ్డ సంఘపోళ్లు కర్రలు, వడిసెలలు పట్టుకొని ఊరేగింపు దీసిన్రు. విసునూరు దేశ్‌ముఖు మనుషులు కాల్చిన్రు. దొడ్డి కొమురయ్య అక్కడనే ప్రాణమిడిసిండు. మరుసటేడు సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం మీద ఆయుధాలు పట్టుమన్నరు. ఎక్కడివి ఆయుధాలు? గడీల మీద పడి గుంజుకున్నయే ఎక్కువ.

మావోళ్ల చేతుల బర్మార్లు ఉండె. బర్మార్ల గొట్టం నోట్లకెల్లి మందు పొయ్యాలె. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరిన మందది. పీచు కుక్కాలె, రవ్వలు ఎయ్యాలె, ఇనుప చువ్వతోని దట్టించాలె, టోపీ పెట్టాలె. గింత చేస్తే ఒక్కటే దెబ్బ. వాన పడి మందు తడిసిందా, గది కట్టెకిందనే లెక్క. మందు దట్టించేలోపల సగం కోపం దిగిపోయేదని మా నాయిన నవ్వేటోడు. ఇప్పటి తుపాకులకు గంత ఓపికేడిది?

బైరాన్‌పల్లి ఊరోళ్లు బురుజెక్కి, గసోంటి తుపాకులతోనే నిజాం తరఫు రజాకార్లను ముందు తరిమిన్రు. 1948 ఆగస్టు 27న తెల్లారకముందే మల్ల వచ్చిన్రు. ఈసారి నిజాం ఫౌజు ఎంట ఉన్నది. బురుజు పడ్డది. పట్టుకున్నోళ్లను వరుసగ నిలబెట్టి కాల్చిన్రు. ఇంక మూడు వారాలకు, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయిండు.

"అందరి చేతుల తుపాకి ఉంటే దొర ఉండేటోడా తాతా?" అని మా మనవడు అడిగిండు. కాదనలే. ఊరు చేతులు ముడుసుకొని కూసుంటే రజాకార్లు ఇంకెన్ని ఇండ్లు కాలవెడుతురో. కని పోరాటం చేసిన దళం తుపాకి ఎవని ఇంటి సొత్తు కాదు బిడ్డా. సంఘం ఇస్తే పట్టిన్రు, అడిగితే ఇచ్చిన్రు, ఎందుకు కాల్చినవంటే జవాబు చెప్పిన్రు. నిజాం పోయినంక గూడ నడిసిన పోరాటం 1951 అక్టోబరుల ఆగినంక తుపాకి తనకాడ ఉంచుకున్నోన్ని అడిగేటోడు ఎవడు? ఇగ ఫౌజుకాడ ఉండేటి పెద్ద ఆయుధాలు ఇంట్ల పెట్టుకుంటమనేటోళ్ల లెక్క నాకు అర్థం కాదు. ఇంటికొక్కటి వస్తే ఊరంత గడీలే అయితయి గద.

1959 ఆయుధాల చట్టంతోని ఇప్పుడు తుపాకికి లైసెన్సు కావాలె. మునుపు ఒకనికి మూడు తుపాకులదాక ఒప్పుకునేది, 2019ల రెండుకు తగ్గించిన్రు. గడగడ కాల్చేటియి మనసోంటోళ్లకు అసలే ఇయ్యరు. నాకు గది మంచిగనే అనిపిస్తది. ఓట్లు వచ్చినయంటే లైసెన్సు తుపాకులు గూడ ఠాణల పెట్టిరమ్మంటరు. ఓట్లు కాంగనే మల్ల ఇంటికి తెచ్చుకుంటరు. గా నెల దినాలు భయమైతే, తక్కిన దినాలు ఎందుకు గాదో ఎవలన్న చెప్పుర్రి.