పద్యానికి ఘంటసాల బాణీ ఎలా వచ్చింది

ఒకప్పుడు జంగారెడ్డిగూడెం మొదలు ఏలూరు, తాడేపల్లిగూడెం దాకా తిరునాళ్లంటే తెల్లవార్లూ పౌరాణిక నాటకాలే. తిరుపతి వేంకటకవుల పద్యం ఎత్తుకున్న కృష్ణుడు హార్మోనియంతో పోటీపడి రాగం తీస్తుంటే ‘వన్స్‌మోర్’ కేకలు మిన్నంటేవి. మైకుల్లేని రోజులు. చివరి వరుసకు వినిపించాలంటే గొంతు చించుకోక తప్పదు. ఆ రాగాల హోరులో కవి మాట నలిగిపోయేది.

ఆ మాటకు మళ్లీ పీట వేసినవారు ఘంటసాల వెంకటేశ్వరరావు. కొల్లేటికి అవతల, గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టారు. తండ్రి తరంగాలు పాడుతుంటే పసివాడు అడుగులు వేసేవాడు. తండ్రి పోయాక సంగీతం కోసం విజయనగరం చేరి, ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకునే మధూకరంతో కడుపు నింపుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర చదువుకున్నారు. పద్యంలో మాట విరగకూడదు, రాగం భావం వెంట నడవాలి అన్నది ఆ గురువు పద్ధతి.

1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లి వచ్చాక, సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. గురువు నేర్పిన పద్ధతికి అక్కడ రెండు కలిసొచ్చాయి. మైకు ముందు అరవనక్కర్లేదు, మెల్లగా పలికిన అక్షరమూ అందుతుంది. ఇక గ్రామఫోను రికార్డుకు ఒక్కోవైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. సాగదీసే రాగానికి అందులో చోటు లేదు.

ఆ ఇరుకులోంచే కొత్త బాణీ పుట్టింది. రాగాన్ని కొద్దిగా పరిచయం చేసి, వెంటనే పద్యంలోకి దిగడం. సమాసాన్ని అర్థం చెడనిచోట విరవడం. పాదం ముగిశాకే గమకాన్ని విప్పడం. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి ‘పుష్పవిలాపం’ రికార్డులో పద్యాల నడుమ కథ చెబుతున్నట్టు వచనమూ పలికారు. ఛందస్సు ఎరగనివాళ్లు కూడా పూల గోడు విని కదిలిపోయారు. అదే కవి రాసిన ‘కుంతీకుమారి’ కూడా అలాగే ఇంటింటికీ చేరింది. సినిమా పద్యం ఆ దారే పట్టింది, క్రమంగా నాటకాల వాళ్లూ ఆ బాణీకి అలవాటుపడ్డారు.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూశారు. ఆ తర్వాత విడుదలైన భగవద్గీత రికార్డులో శ్లోకం వెంట తెలుగు తాత్పర్యం వినిపిస్తుంది. అక్కడా అదే నియమం: విన్నవాడికి అర్థం కావాలి.

అంత గొప్ప గాత్రం ఉండీ, దాన్ని కవి మాటకు లోబరచడమే ఆయన అలవరచుకున్న విద్య. ఇప్పుడు పిల్లలకు పద్యం నేర్పేవాళ్లు రాగం కన్నా ముందు అర్థం చెబితే, ఆ విద్య మరో తరానికి అందుతుంది.