పేరు లేని ముఖాలు, ముఖం లేని పేర్లు: నేటాల్ తెలుగువారి ఛాయాచిత్రాల కథ



మన ఇళ్ళలో దాదాపు ప్రతి ఇంటా బీరువా మీదనో మంచం క్రిందనో ఒక పాత బిస్కట్ల డబ్బా ఉంటుంది. దానిలో బిస్కట్లు ఉండవు. పెళ్ళి శుభలేఖలు, చావు కబురు తెచ్చిన తంతి కాగితాలు, అద్దె రసీదులు, వాటి మధ్య అంచులు చిరిగిన ఫోటోలు ఉంటాయి. మా అవ్వ పోయిన తరువాత చాట్స్‌వర్త్‌లోని ఆమె ఇల్లు సర్దుతూ ఉండగా అటువంటి డబ్బా నా చేతికి వచ్చినది. ఒక ఫోటోలో రేకుల ఇళ్ళ వరుస ముందు, గడప మెట్టు మీద ఒక స్త్రీ చేట ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది. ప్రక్కన ముగ్గురు పిల్లలు. వెనుకకు త్రిప్పి చూశాను. ఖాళీ.

ఎనభై దాటిన మా పెద్దమ్మకు చూపించాను. చాలాసేపు చూసి, “ఇది మాగజీన్ బారక్స్‌రా నాయనా. ఆ కొళాయి దగ్గరే మేము నీళ్ళు పట్టుకొనేవాళ్ళం. ఆ చేట మన ఇంటిదే, అంచుకు నేనే గుడ్డ కుట్టాను. ఈ మనిషి మాత్రం... ఎవరో బాగా తెలిసిన మనిషే, పేరు రావడం లేదు” అన్నది. చేట గుర్తున్నది, మనిషి పేరు పోయినది. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఆలోచించిన కొద్దీ, ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని, ఈ దేశంలో మన జాతి చరిత్ర అంతా ఇదే తీరున ఉన్నదని తోచినది. మన చరిత్రలో పేరు ఉన్న చోట ముఖం లేదు, ముఖం ఉన్న చోట పేరు లేదు.

ముందు పేర్ల సంగతి చూద్దాం. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవు చేరినది. 1911లో ‘ఉమ్లాజీ’ ఓడతో ఆ రాకలు ముగిశాయి. ఈ 51 సంవత్సరాలలో 1,52,184 మంది ఒప్పందపు కూలీలుగా నేటాల్‌లో దిగారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కినవారే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాడు జిల్లాల మన పూర్వీకులు వారిలో ఉన్నారు. ఓడ దిగిన ప్రతి మనిషినీ పట్టికలోకి ఎక్కించారు. కలోనియల్ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం అన్నీ వ్రాశారు. చివర ఒంటి మీది గుర్తులు: నుదుట మచ్చ, మోచేతి మీద కాలిన గుర్తు, కాలి మీద పుండు మానిన చార. ఆ నంబరు అతనిని జీవితాంతం వెంటాడినది. పెళ్ళి నమోదుకు, పిల్లల పుట్టుకకు, తిరుగు ప్రయాణానికి, అన్నింటికీ ఆ నంబరే.

ఈ పట్టికలు నేటికీ భద్రంగా ఉన్నాయి. మనలో అనేకులు తాతముత్తాతల గ్రామాన్ని వాటిలోనే వెదకి పట్టుకున్నారు. అయితే వాటిలో ఒక్క ఫోటో కూడా లేదు. పారిపోయిన కూలీని గుర్తుపట్టడానికి మచ్చలు చాలుననుకున్నారు. గుమాస్తా చెవికి తోచినట్లు వ్రాసిన పేర్లు ఒక విధంగా మన ముఖాలనే మార్చివేశాయి. ఇంటి పేర్లు చాలావరకు ఆ పట్టికల దగ్గరే జారిపోయాయి. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న ఒక తాత పేరే మనుమల కాలానికి ఇంటి పేరైనది. అప్పన్న, అప్పలసామి, సన్యాసి అన్న ఇంటి పేర్లు ఈ దేశంలో మనకు క్రొత్త కాదు కదా!

ఇక ముఖాల సంగతి. పందొమ్మిదవ శతాబ్దం చివరినాటికి డర్బన్‌లోని తెల్లవారి స్టూడియోలు మనవారి ఫోటోలు తీసి పోస్టుకార్డులుగా అమ్మాయి. ‘ఇండియన్ కూలీలు, నేటాల్’ వంటి శీర్షికలు వాటి క్రింద అచ్చయ్యాయి. చెరకు నరికేవాడు, తట్ట మోసే కూరగాయల అమ్మి, ముక్కెర పెట్టుకున్న యువతి, అందరూ ఆ కార్డులలో కనిపిస్తారు. ఆ చూపు, నిలబడిన తీరు, చీర కట్టు చూస్తే మన మేనత్తనో చిన్నాయననో చూసినట్లే ఉంటుంది. పేరు మాత్రం ఎక్కడా లేదు. కొన్నవారికి ఆ పేరుతో పని లేదు. ఇంగ్లండులోని బంధువులకు ఒక వింత చూపించడమే వారికి కావలసినది.

ఈ సందర్భంలో మారిషస్ సోదరుల అనుభవం చెప్పుకోవాలి. అక్కడ 1860ల నుంచి వలసదారులకు ఫోటోలు తీశారు. 1867 నాటి చట్టం ప్రకారం ఒప్పందం ముగించుకున్న పాత వలసదారు సహితం తన ఫోటో అంటించిన టిక్కెట్టును వెంట ఉంచుకొని తిరగాలి. అది లేకుండా దారిలో కనిపిస్తే పోలీసులు పట్టుకొనేవారు. ఆ బాధ తట్టుకోలేక 1871లో తొమ్మిది వేల మందికి పైగా పాత వలసదారులు అడాల్ఫ్ ద ప్లెవిత్స్ సహాయంతో గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. మరుసటి సంవత్సరం రాజ విచారణ సంఘం అక్కడికి వచ్చినది. ఆ ఫోటోలు తీసినది ప్రేమతో కాదు, కాపలా కోసం. అయినా కాలం చిత్రమైనది. ఆ ఫోటోల సంపద ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నది. ముత్తాత ముఖాన్ని మొదటిసారి చూడాలని మునిమనుమలు అక్కడికి వెళ్తున్నారు. సంకెలగా పుట్టిన కాగితం వారికి దేవుడి పటమైనది. ఎందుకంటే అక్కడ ముఖమూ పేరూ ఒకే చోట ఉన్నాయి.

మనకు ఆ భాగ్యం దొరతనం ఇవ్వలేదు. మనవారు తమంతట తామే సంపాదించుకున్నారు. అయిదేళ్ళ ఒప్పందం ముగించుకొని, కూరగాయల తోట వేసో, రైల్వేలోనో మునిసిపాలిటీలోనో కొలువు కుదుర్చుకొనో నాలుగు షిల్లింగులు వెనకేసినప్పుడు స్టూడియోకు వెళ్ళారు. వెనుక రంగుల తెర, ప్రక్కన చెక్కిన కుర్చీ. తాత కోటు వేసుకొని, తలపాగా చుట్టుకొని కూర్చుంటాడు. అవ్వ ఉన్న నగలన్నీ పెట్టుకొని నిలబడుతుంది. కాళ్ళకు చెప్పులు ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. ఆ ఫోటోలను చూసి నవ్వుకోకండి. అంతకు ముందు తమను గురించి ఇతరులు వ్రాసినది ఒంటి మీది మచ్చలు మాత్రమే. ఇప్పుడు తాము ఎలా కనబడాలో తామే నిర్ణయించుకున్నారు.

అయితే స్టూడియో ఫోటోలలో లేనిది ఒకటి ఉన్నది. అది మన దినచర్య. ఇల్లు, వీధి, కొళాయి, పొయ్యి, సంత వాటిలో కనిపించవు. తరువాత అవే మన నుంచి జారిపోయాయి.

మాగజీన్ బారక్స్ సంగతి పెద్దలకు తెలుసు. డర్బన్ మునిసిపాలిటీ తన భారతీయ కార్మికులకు కట్టించిన వసతి అది. అక్కడ ఉన్నవారిలో అత్యధికులు తమిళులు, తెలుగువారు. వీధులు ఊడ్చినవారు, చెత్త ఎత్తినవారు, తోటలు పెంచినవారు ఆ ఇరుకు గదులలోనే పిల్లలను పెంచారు. నాటకాలు ఆడారు, భజనలు చేశారు, బంతి ఆడారు. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చినది. 1958లో డర్బన్ నగరాన్ని జాతుల వారీగా పంచుతూ ప్రకటన వెలువడినది. 1960లలో చాట్స్‌వర్త్ కట్టారు. మాగజీన్ బారక్స్ ఖాళీ అయినది. కేటో మానర్‌లో మనవారు తరతరాలుగా వేసుకున్న తోటలూ కట్టుకున్న ఇళ్ళూ పోయాయి. ఇళ్ళు కూలిన ఆ కొండల మీద కొన్ని గుళ్ళు మాత్రం ఒంటరిగా మిగిలాయి. 1976 నుంచి ఫీనిక్స్ నిండినది. సామాను లారీ ఎక్కించే హడావుడిలో గడపకు ఫోటో తీసుకుందామని ఎంతమందికి తోచి ఉంటుంది? ఎంతమంది దగ్గర కెమెరా ఉన్నది?

ఉన్న కొద్దిమంది మనకు చేసిన ఉపకారం మరువరానిది. రంజిత్ కాలీ 1925లో డర్బన్‌కు దక్షిణాన ఇసిపింగోలో పుట్టాడు. చెప్పుల ఫ్యాక్టరీలో పని చేస్తూ, పాత సామాను అమ్మే చోట ఆరు పెన్నీలకు ఒక కొడాక్ కెమెరా కొన్నాడు. 1956 నుంచి ‘డ్రమ్’, ‘గోల్డెన్ సిటీ పోస్ట్’ పత్రికలకు ఫోటోలు తీశాడు. లుతూలీ వంటి నాయకులను తీసిన ఆ చేతే డర్బన్ వీధులనూ, పాటగాళ్ళనూ, పేదవాడి ఇంటి ముంగిలినీ తీసినది. ఆయన 2017లో కన్నుమూశాడు. ‘డ్రమ్’ డర్బన్ కార్యాలయాన్ని నడిపిన జి. ఆర్. నాయుడు కూడా ఆ తరం వాడే.

వారి తరువాత ఒమర్ బాద్షా. 1945లో డర్బన్‌లోనే పుట్టాడు. 1979లో తన కూతురుకు ఉత్తరం వ్రాస్తున్నట్లుగా ‘లెటర్ టు ఫర్జానా’ అనే ఫోటోల పుస్తకం తెచ్చాడు. ప్రభుత్వం దానిని నిషేధించినది. 1982లో మరికొందరితో కలిసి ‘ఆఫ్రాపిక్స్’ అనే ఫోటోగ్రాఫర్ల సంఘం స్థాపించాడు. గ్రే స్ట్రీట్ చుట్టుప్రక్కల జీవితాన్ని ఎన్నో ఏండ్లు తీసి 2001లో ‘ఇంపీరియల్ గెట్టో’ అనే పుస్తకంగా వెలువరించాడు. వీరెవరూ తెలుగువారు కావాలని నేను అనడం లేదు. వీరు తీసిన వీధులలో మన తాతలు నడిచారు, అది చాలు. వీరి దగ్గర మనం నేర్చుకోవలసినది ఒకటే. పెండ్లికొడుకు దండ వేసుకున్నప్పుడే కాదు, తండ్రి పని నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నప్పుడు కూడా ఫోటో తీయాలి. చరిత్ర ఆ బూట్లలోనే ఉన్నది.

“ఇప్పుడు ఆ కొరత ఏమున్నది, ప్రతి చేతిలో ఫోను ఉన్నది కదా” అని యువకులు అనవచ్చు. నిజమే. ఒక్క ఉగాదికి మనం తీసే ఫోటోలు మా తాత జీవితకాలంలో చూసి ఉండడు. కాని వాటిలో ఎన్నింటికి పేర్లు వ్రాసి పెట్టాం? ఫోను పాడైతే ఆ ఏడాది అంతా పోయినట్లే. పోస్టుకార్డుల వాళ్ళు మన పేర్లు వ్రాయలేదని బాధపడుతున్నాం. మన పేర్లు మనమే వ్రాయకపోతే ఎవరిని అనాలి?

కనుక ఒక చిన్న పని చేద్దాం. 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకున్న జాతి మనది. కలిసి పని చేయడం మనకు క్రొత్త కాదు. ప్రతి భజన మందిరంలో నెలకు ఒక శనివారం భజన తరువాత ఒక గంట ఈ డబ్బాలకు కేటాయిద్దాం. పెద్దలను కూర్చోబెట్టి ఫోటోలు ఒక్కొక్కటే చూపిద్దాం. ఎడమ నుంచి కుడికి ఎవరెవరో, ఏ ఊరో, ఏ వీధో, ఏ సంవత్సరమో అడుగుదాం. వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాద్దాం. బాల్ పెన్నుతో వద్దు, గీత ముందు వైపుకు ఉబుకుతుంది. తెలియని పేరును ఊహించి వ్రాయవద్దు. “తెలియదు” అని వ్రాసినా మేలే. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా వ్రాయాలి. జిగురు పేజీల ఆల్బములలో అంటించిన ఫోటోలను జాగ్రత్తగా బయటకు తీయాలి. డర్బన్ తేమకు ఆ జిగురు ఫోటోను తినేస్తుంది. ప్రతి దానికీ నకలు తీయించి, ఒకటి ఇంట్లోనూ ఒకటి మందిరంలోనూ ఉంచాలి. కలోనియల్ నంబరు తెలిసినవారు దానిని కూడా ఫోటో వెనుక వ్రాయాలి. ఆ రోజు ఓడ పట్టికలోని పేరు తన ముఖాన్ని చేరుకుంటుంది.

అలాగే ఇప్పుడున్నవాటినీ తీద్దాం. వార్విక్ దగ్గరి తెల్లవారుజాము మార్కెట్టు 1934 నుంచి అక్కడ ఉన్నది. 2009లో దాని స్థానంలో దుకాణాల సముదాయం కట్టాలని నగరపాలకులు తలపెట్టినప్పుడు వ్యాపారులు పోరాడి నిలుపుకున్నారు. ప్రతిసారీ నిలుస్తుందని నమ్మకం ఏమిటి? ఆ బల్లల వెనుక నిలబడిన అవ్వలను, పెరటాసి శనివారం ముగ్గు వేసే చేతులను, మొక్కజొన్న నూకల అన్నం వండే వంటింటిని, తాళాలు పట్టిన పిల్లలను తీసి పేర్లు వ్రాయండి.

మా డబ్బాలోని ఫోటోను నేను ఒక శనివారం భజనకు తీసుకువెళ్ళాను. ఒక పెద్దాయన కళ్ళజోడు పెట్టుకొని చూసి, రేకుల వరుసలో అది ఎన్నో ఇల్లో చెప్పాడు. పిల్లలలో ఒకరిని గుర్తుపట్టాడు. ఆ రెండు సంగతులూ వెనుక వ్రాశాను. చేట పట్టుకున్న తల్లి పేరు మాత్రం ఇంకా దొరకలేదు. ఆమె కోసం వెనుక ఒక గీత ఖాళీగా ఉంచాను. మీ ఇంట్లో ఎవరికైనా ఆ పేరు తెలిసి ఉండవచ్చు. మీ డబ్బాలోని ఏదో ఒక పేరు మా పెద్దమ్మకు తెలిసి ఉండవచ్చు. ఆమెకు జ్ఞాపకం ఉండగానే రండి.