తుగ్లక్ అన్న మాట

వేసిన రోడ్డును నెల తిరక్కముందే పైపుల కోసం తవ్వితే భానూర్, పటాన్‌చెరు వైపు జనం "ఇదేం తుగ్లక్ పని!" అంటారు. ఆలోచన పెద్దది, ఆచరణ అడ్డం తిరిగింది అన్నచోట పుట్టిన మాట ఇది. వాడగా వాడగా మొదటి సగం రాలిపోయి, తెలివితక్కువతనం ఒక్కటే మిగిలింది.

యూరప్ ఇలాంటి మాటకు ఒక కల్పిత వీరుడి పేరు తీసుకుంది. 1605లో వెలువడిన సెర్వాంటెస్ నవలలో డాన్ కిహోటే గాలిమరలను రాక్షసులనుకుని ఈటెతో కలబడతాడు. స్పానిష్‌లో 'కిహోటే' అంటే తొడకవచం. ఆ పేరు నుంచి వచ్చిన ఇంగ్లిష్ మాట 'క్విక్సాటిక్'లో వెక్కిరింపుతో పాటు కాస్త ప్రేమా ఉంది. కథలోని ఈటె ఏ పాఠకుడికీ గుచ్చుకోలేదు.

మన తుగ్లక్ కథలోవాడు కాడు. 1323లో ఓరుగల్లును పట్టి, ప్రతాపరుద్రుణ్ని బందీగా ఢిల్లీకి పంపిన ఉలుగ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది. పండించిన పంట రైతుకు దక్కని ఆనాటి దుస్థితిని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. అంత పడ్డ జనం ఆ పేరును ప్రేమగా పలకాలనడం అన్యాయం.

అయినా అతడి పథకాలు పిచ్చివి కావు. 1327లో రాజధానిని దౌలతాబాద్‌కు మార్చింది దక్కన్‌ను దగ్గరుండి ఏలడానికి. రాగి, ఇత్తడి నాణేలకు వెండి విలువ కట్టడానికి చైనా కాగితపు డబ్బు అప్పటికే దారి చూపింది. దొంగ నాణేన్ని పట్టించే గుర్తు పెట్టకపోవడమే కొంప ముంచింది. ఇంటింటా టంకశాల వెలిసిందని ఆ కాలపు చరిత్రకారుడు బరనీ రాశాడు. చివరికి ఖజానాలోని బంగారం, వెండి ఇచ్చి వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

రాజధాని తిరిగి ఢిల్లీకి వెళ్లిపోయింది. తరలివచ్చిన ఉద్యోగులు, సూఫీల్లో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. 1347లో తిరగబడ్డ అమీర్లు అదే దౌలతాబాద్‌లో బహమనీ రాజ్యానికి పునాది వేశారు.

ఢిల్లీ నుంచి తరలివచ్చినవాళ్లు తెచ్చిన మాట మరాఠీ, కన్నడ, తెలుగుల మధ్య పెరిగి దక్కనీ అయింది. సంగారెడ్డి, పటాన్‌చెరు చాయ్ హోటళ్లలో 'వద్దు' అనడానికి వినిపించే 'నక్కో' ఆ దక్కనీదే. దక్కనీ దాన్ని మరాఠీ దగ్గర నేర్చుకుంది.