హైదరాబాద్ ఎఫ్.సి. ఉత్థాన పతనాలు: నగరానికి, క్లబ్బుకు గల సంబంధంపై చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
2019లో ఏర్పడిన హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ మూడో సీజనులోనే ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. 2023-24లో పట్టికలో అట్టడుగుకు చేరింది. 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఈ పతనాన్ని కేవలం ఆర్థిక వైఫల్యంగా వివరించడం సరిపోదు. అదే నగరంలో పూర్వం వెలసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు చరిత్రతో పోల్చి, క్లబ్బు ఒక నగరానికి చెందడమంటే ఏమిటో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: హైదరాబాద్ ఎఫ్.సి., సిటీ పోలీస్ జట్టు, ఎస్.ఎ. రహీం, ఫ్రాంచైజీ, క్రీడాచరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట క్రీడాచరిత్ర రచన క్రికెట్, బ్యాడ్మింటన్ ఆటలకు ఇచ్చినంత స్థానం ఫుట్‌బాల్‌కు ఇవ్వలేదు. కాని స్వాతంత్ర్యానంతర తొలి దశకంలో భారత ఫుట్‌బాల్‌కు కలకత్తాతో పాటు హైదరాబాదు కూడా ప్రధాన కేంద్రం. ఆ వారసత్వాన్ని గుర్తుచేస్తూనే హైదరాబాద్ ఎఫ్.సి. రంగంలోకి వచ్చింది. అందువల్ల ఈ క్లబ్బు ఆరేళ్ల చరిత్రను ఆ పూర్వరంగంలో నిలిపి చూడటం సముచితం.

2. పూర్వరంగం: సిటీ పోలీస్ జట్టు

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1939లో ఏర్పడింది. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం 1943 నుండి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా పనిచేశారు. 1950లో ఆయన పోలీస్ జట్టు శిక్షణ బాధ్యతను స్వీకరించారు. అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలుచుకుంది. డ్యూరాండ్ కప్‌లోనూ విజేతగా నిలిచింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58లలో సాధించింది.

రహీం శిక్షణలోని భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. జకార్తా జట్టులోని పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరామ్, యూసుఫ్ ఖాన్, డి.ఎం.కె. అఫ్జల్ హైదరాబాదు గడ్డపై ఎదిగినవారే. రహీం 1963 జూన్ 11న మరణించారు.

ఈ విజయాల వెనుక ఒక వ్యవస్థ ఉంది. ఆటగాడికి పోలీసు శాఖలో ఉద్యోగం లభించేది. ఆట ముగిసినా జీతం ఆగేది కాదు. కాబట్టి ఆటగాడు నగరంలోనే స్థిరపడేవాడు, తరువాతి తరానికి కళ్లెదుట కనిపించే ఆదర్శంగా నిలిచేవాడు. అయితే ఈ వ్యవస్థకూ పరిమితులున్నాయి. కలకత్తా క్లబ్బుల ఆకర్షణను అది తట్టుకోలేకపోయింది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పుట్టిన బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడా ఆ దారినే నడిచారు. రహీం మరణానంతరం ఈ వలసలు చేసిన నష్టాన్ని పూడ్చగల శిక్షకుడు నగరానికి దొరకలేదు.

3. ఫ్రాంచైజీ ఆవిర్భావం

ఇండియన్ సూపర్ లీగ్ 2014లో ఆరంభమైంది. అందులో ఆడుతూ వచ్చిన ఎఫ్.సి. పుణె సిటీ ఆర్థిక కారణాలతో మూతపడగా, దాని స్థానంలో 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్.సి. ఏర్పడింది. గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడామైదానం దాని స్వస్థానం అయింది. ఒక నగరం కోల్పోయిన స్థానం మరొక నగరానికి దక్కింది. నాటి ఉత్సాహంలో ఈ అంశం ఎవరినీ కలవరపెట్టలేదు.

తొలి సీజనులో జట్టు 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లతో చివరి స్థానంలో నిలిచింది. 2020లో స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ శిక్షకుడుగా రావడంతో పరిస్థితి మారింది. 2020-21లో జట్టు 29 పాయింట్లతో ఐదో స్థానానికి ఎదిగింది. 2021-22లో 38 పాయింట్లతో లీగ్ దశలో రెండో స్థానం పొందింది. 2022 మార్చి 20న జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌పై 88వ నిమిషంలో సాహిల్ తవోరా చేసిన గోల్‌తో స్కోరు 1-1 అయింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లను అడ్డుకోగా జట్టు 3-1తో విజేత అయింది. ఆ సీజనులో నైజీరియా ఆటగాడు బార్తలోమ్యూ ఓగ్‌బెచె 18 గోల్స్ చేశాడు.

ఈ విజయంలో ఒక వైరుధ్యం ఇమిడి ఉంది. కోవిడ్ కారణంగా ఆ సీజను మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. హైదరాబాదు ప్రేక్షకుడు తన జట్టు గెలుపు యాత్రలో ఒక్క మ్యాచ్‌నైనా సొంత మైదానంలో చూడలేదు. సిటీ పోలీస్ జట్టు కూడా తన కప్పులను బొంబాయి, ఢిల్లీలలోనే గెలిచింది కదా అన్న ప్రశ్న ఇక్కడ సహజం. అయితే ఆ ఆటగాళ్లు కప్పుతో తిరిగి వచ్చి ఈ నగరంలోనే ఉద్యోగం చేసి జీవించారు. 2022 విజేతల్లో ముఖ్యులైన కట్టిమణి, తవోరా గోవావారు. చింగ్లెన్‌సనా సింగ్, యాసిర్ మణిపూర్‌వారు. వారి ప్రతిభ నిస్సందేహం. కాని ఒప్పందం ముగిసిన తరువాత వారిని ఈ నగరంతో కట్టి ఉంచే బంధం ఏదీ లేదు.

4. క్షీణదశ

2022-23లో జట్టు 20 మ్యాచ్‌లకు 42 పాయింట్లు సాధించింది. లీగ్ దశలో అదే దాని అత్యుత్తమ ప్రదర్శన. సెమీఫైనల్లో ఎ.టి.కె. మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీలలో ఓడింది. అనంతరం మార్కెజ్ గోవా జట్టుకు వెళ్లారు. వేతన బకాయిలు, వాటి ఫలితంగా ఫిఫా విధించిన బదిలీ నిషేధం జట్టును కుంగదీశాయి. విదేశీ ఆటగాళ్లు సీజను మధ్యలోనే వెళ్లిపోగా, యువకులతో నెట్టుకొచ్చిన జట్టు 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక్క విజయంతో 8 పాయింట్లే పొందింది. మ్యాచ్‌కు సగటు పాయింట్లు ఒక్క ఏడాదిలో 2.1 నుండి 0.36కు పడిపోయాయి.

2024లో బి.సి. జిందాల్ సంస్థ యాజమాన్యాన్ని స్వీకరించింది. 2024-25లో జట్టు 24 మ్యాచ్‌లకు 18 పాయింట్లతో 13 జట్లలో పన్నెండోదిగా నిలిచింది. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది.

5. విశ్లేషణ

ఈ పరిణామానికి మూలం లీగ్ నిర్మాణంలో ఉంది. చివరి స్థానంలో నిలిచిన జట్టు కింది శ్రేణికి దిగే నిబంధన ఆ సీజన్లలో అమలులో లేదు. కాబట్టి 2019-20లోను, 2023-24లోను అట్టడుగున నిలిచినా క్లబ్బు స్థానం చెక్కుచెదరలేదు. లీగ్‌లో స్థానం మైదానంలోని ఆటపై కాక యాజమాన్య హక్కుపై ఆధారపడింది. హక్కును అమ్మవచ్చు, తరలించవచ్చు. పుణె నుండి హైదరాబాదుకు ఏ మార్గంలో వచ్చిందో, హైదరాబాదు నుండి ఢిల్లీకి అదే మార్గంలో వెళ్లింది. ఆ మార్గంలో నగరాన్ని అడిగే మలుపు ఒక్కటీ లేదు.

ఇదే కాలంలో శ్రీనిధి డెక్కన్ ఎఫ్.సి. భిన్నమైన మార్గాన్ని సూచిస్తుంది. అజీజ్‌నగర్‌లోని సొంత మైదానం ఆధారంగా ఐ-లీగ్‌లో ఆడిన ఈ క్లబ్బు 2022-23, 2023-24లలో ద్వితీయ స్థానం పొందింది. పై శ్రేణికి చేరలేకపోయినా, దాని కాళ్లకింద ఒక నేల ఉంది.

6. ముగింపు

సిటీ పోలీస్ జట్టుకు నగరంలో వేళ్లున్నాయి, కాని ఆటగాళ్లను నిలుపుకునే ధనబలం లేకపోయింది. హైదరాబాద్ ఎఫ్.సి.కి కొంతకాలం ధనబలం ఉంది, వేళ్లు లేవు. మొదటిది క్రమంగా వాడిపోయింది, రెండోది పెకలించి తరలించబడింది. గతవైభవ స్మరణ ఒక్కటే క్లబ్బును నిలబెట్టదని, పెట్టుబడి ఒక్కటే దాన్ని నగరానికి చెందనీయదని ఈ రెండు చరిత్రలు నిరూపిస్తున్నాయి. మైదానం, బాలుర శిక్షణ, ఆటగాడి జీవనభద్రత అనే మూడూ స్థానికంగా సమకూరినప్పుడే ఈ నగరంలో మరో ఫుట్‌బాల్ క్లబ్బు దీర్ఘకాలం మనగలుగుతుంది.