మార్మన్ ప్రచారకుల వారం
1830లో అమెరికాలో ఏర్పడి, మార్మన్ సంఘంగా పేరుపడిన కడవరి దిన పరిశుద్ధుల సంఘం 1837లోనే ఇంగ్లండుకు ప్రచారకులను పంపింది. నాటి వారిలో పలువురు ఆలుబిడ్డలను విడిచి వెళ్లిన గృహస్థులు కాగా, నేటి వారు అధికంగా అవివాహిత యువజనులు. పురుషులకు రెండేళ్లు, స్త్రీలకు పద్దెనిమిది నెలలు సాగే ఈ జీతం లేని సేవలో, ‘కంపానియన్’ అనే సహచరుడు లేకుండా ఒంటరిగా తిరగరాదు. బట్టలుతకడం, సరుకులు కొనడం, ఇంటికి ఉత్తరం రాయడం వంటి సొంత పనులకు వారంలో ఒక రోజును, సాధారణంగా సోమవారాన్ని, కేటాయించి దానిని సన్నాహక దినమంటారు; ఆ సాయంత్రమే బోధన మళ్లీ మొదలవుతుంది. దీర్ఘకాలం క్రిస్మస్, మాతృదినోత్సవాలకే పరిమితమైన, ఇంటికి చేసే ఫోనును 2019లో వారం వారం అనుమతించడం, ఆలస్యంగానైనా, ఈ కఠిన నియమావళిలో వచ్చిన అత్యంత మానవీయమైన మార్పు.