కాశీ విశ్వవిద్యాలయమునకు చందాలు

గ్రామమున గుడి కట్టవలెనన్నను, చెఱువుగట్టు బాగుచేయవలెనన్నను, పెద్దలు చందాపుస్తకము చేతబట్టి యింటింటికి దిరుగుట మీ రెఱిగినదే. అడుగుట సులభము కాదు. అడుగువాని నడతయు లెక్కయు శుభ్రముగా నున్నగాని రెండవమాఱు వాకిలి తెఱచువా రుండరు. అట్టి చందాపుస్తకముతోనే యొక విశ్వవిద్యాలయమును నిలిపిన పండిత మదనమోహన మాళవీయుని చరిత్రమును నేడు మనవి చేసెదను.

మాళవీయుడు 1861వ సంవత్సరమున ప్రయాగలో జన్మించెను. తండ్రి భాగవత పురాణము చెప్పి కుటుంబమును బోషించిన బ్రాహ్మణుడు. కావున పిత్రార్జితమగు ధనము లేదు. ఆయన న్యాయవాదియై పేరు గడించెను. 1905లో కాశీలో కాంగ్రెసు మహాసభ జరిగినపుడు తన విశ్వవిద్యాలయ సంకల్పమును పెద్దల యెదుట నుంచెను. అప్పటికి బ్రిటిషిండియాలో విశ్వవిద్యాలయములు అయిదు మాత్రమే.

1898లో కాశీలో సెంట్రల్ హిందూ కళాశాలను స్థాపించిన అనీబిసెంటమ్మగారు 1911లో ఆయనతో జేతులు గలిపిరి. దర్భంగా మహారాజు రామేశ్వరసింహుడును దోడయ్యెను. కోటిరూపాయలు గూర్పవలెనని నిశ్చయించిరి. చట్టము చేయుటకు ముందు 50 లక్షలు చేర్చి చూపవలెనని ప్రభుత్వము నిబంధన పెట్టెను. ఇది యడ్డంకివలె దోచినను మేలే చేసినది. వాగ్దానములు చాలవు, సొమ్ము చేరవలెను. అందుచే మాళవీయుడు వకీలువృత్తిని విడిచి, సంస్థానములకును, జమీందారులకడకును, వర్తకులకడకును దిరిగెను. భిక్షుకులలో రాజని లోకులు చెప్పుకొనిరి. కాశీమహారాజు ప్రభునారాయణసింహుడు భూమి నొసగెను. విశ్వవిద్యాలయ స్థలము సుమారు 1300 ఎకరములు. 1915లో చట్టము పుట్టెను. 1916 ఫిబ్రవరి 4వ తేదీన లార్డు హార్డింజి శంకుస్థాపన చేసెను.

ఆ యుత్సవములలోనే యొక చిక్కు గలిగెను. దర్భంగా మహారాజు అధ్యక్షుడుగా, రాజులు రత్నాభరణములతో గూర్చుండిన సభలో గాంధీగారు మాటలాడిరి. ఈ నగలను విడిచి ప్రజలకొఱకు న్యాసముగా నుంచినగాని దేశమునకు విముక్తి లేదనియు, గొప్ప భవనముల సొమ్ము రైతులనుండి వచ్చినదేననియు వారు పలికిరి. బిసెంటమ్మగారు నడుమ వారించిరి. కొందఱు రాజులు లేచిపోయిరి. ఉపన్యాసము ముగియకయే సభ చాలించవలసివచ్చెను. ఏ దాతల యుదారతపై విద్యాలయము నిలువవలెనో వారినే గాంధీగారు నొప్పించిరి. యాచకునికి దాతయు గావలెను, సత్యమును గావలెను. ఈ రెంటి నడుమ నిలుచుట కత్తిమీది సామే.

అయినను మాళవీయుడు గాంధీగారితో మైత్రిని ద్రెంచుకొనలేదు, అడుగుటయు మానలేదు. 1919 నుండి 1938 వఱకు ఆయనయే వైస్ ఛాన్సలరు. పిమ్మట 1939లో ఆ భారమును వహించినవారు మన తెలుగువారికి సుపరిచితులు. 1931 నుండి 1936 వఱకు ఆంధ్ర విశ్వవిద్యాలయమును నడపిన సర్వేపల్లి రాధాకృష్ణగారు. వారి కాలముననే, 1942 జనవరిలో, రజతోత్సవమునకు గాంధీగారు మరల కాశికి విచ్చేసి ప్రసంగించిరి. నాడు లేచిపోయిన సభ యిట్లు మరల గూడినది. మాళవీయుడు 1946లో గతించెను.

దాత పేరు శిలమీద జెక్కుదురు. ఆ సొమ్మును బండించినవాని పేరు శిలమీద నుండదు. విద్యాలయమున జదివి పైకి వచ్చినవాడు తిరిగి యిచ్చునపుడు మొదటి లెక్క యా పేరులేని రైతునకే యొప్పజెప్పవలెను. మీ గ్రామమునుండి పట్టణమునకు బోయి చదువుకొన్న పిల్లలకు ఈ మాట జెప్పుటకు మీకంటె దగినవా రెవ్వరు?